గచ్చుపూత కింద ఏముంది?



క్రిస్మస్ దగ్గరపడితే మన ఊళ్లో ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట: "మేస్త్రీ, పైపైన పూసెయ్. పండగకి చుట్టాలొస్తారు." ఈ మాట తప్పని సూటిగా చెబుతున్నాం.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. మా ముందు గదిలో స్లాబు కింద చెమ్మ మరకలు కనబడితే పుట్టీ పెట్టించి రంగు వేయించాం. ప్రార్థనకు వచ్చినవారంతా "ఇల్లు కళకళలాడుతోంది అయ్యగారూ" అన్నారు. మరుసటి వానాకాలంలో పెద్ద పెళ్ల ఊడి, మా చిన్నమ్మాయి చదువుకునే చాప మీద పడింది. పాప అప్పుడు బడిలో ఉంది. అది దేవుని కృపే. కానీ ఆ కృపను అడ్డం పెట్టుకొని మా నిర్లక్ష్యాన్ని దాచుకోలేం.

తాపీ పని తెలిసినవారిని అడగండి. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడాలి. గోడ తట్టి, డొల్లగా మోగిన చోటల్లా పాత పూత ఇటుక కనబడేదాకా కొట్టేయాలి. స్లాబు కింద చువ్వ తుప్పు పట్టిందేమో చూడాలి. గోడ తడిపి, కలిపిన మాలు అరగంటలో వాడేయాలి. తర్వాత కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. రెండు రోజుల్లో ముగించమని తొందరపెట్టేది మనం, పూత రాలితే తిట్లు తినేది మేస్త్రీ. ఇది న్యాయమా?

"డబ్బులెక్కడివి అయ్యగారూ?" అంటారు. నిజమే. అయితే ఈ ఏడు ఒక్క గదే బాగుచేయించండి. మిగతా గోడలు మరకలతోనే ఉండనివ్వండి. మరక ఉన్న ఇంటికి యేసు ప్రభువు రాడా? ఆయన పుట్టింది ఎక్కడ?

లేవీయకాండము 14వ అధ్యాయం చూడండి. ఇంటి గోడకు పొడ పుడితే యాజకుడు దానిమీద పూత పూయమనలేదు. 7 రోజులు ఇల్లు మూయించి, పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీయించి, గోడలు గీకించి, ఆ పెళ్లలు ఊరి బయట పారబోయించాడు. కొత్త అడుసు పూసింది ఆ తర్వాతే.

యెహెజ్కేలు 13లో దేవుడు కోపించింది తాపీవారి మీద కాదు, సమాధానం లేనిచోట సమాధానమని చెప్పిన ప్రవక్తల మీద. అది కాపరులమైన మాకే తగులుతుంది. అప్పు దగ్గర మాట పడిన రెండు కుటుంబాల చేత, అప్పు సంగతి అడగకుండానే, బల్ల ముందు చేతులు కలిపించాం. అది గచ్చుపూతే. ఏడాది తిరక్కుండా మళ్లీ పగిలింది. ఆ రెండు ఇళ్లకూ మేమే వెళ్లి, మొదటినుంచి లెక్క అడిగి కూర్చుంటాం.

ఈ వారం మీ గోడలు తట్టి చూడండి. డొల్లగా మోగితే భయపడకండి, పూయకండి. గీకండి. ఆ తర్వాత మన హృదయాలను కూడా ప్రభువే తట్టి చూచును గాక. ఆమేన్.