కాళ్లు పోయినా కొలువు పోలేదు

నాచారం పారిశ్రామికవాడలో పొద్దుటి షిఫ్టు వేళ. ఓ కార్ఖానా గేటు పక్కన టైమాఫీసు కిటికీ. లోపల కూర్చుని రిజిస్టరు రాసే పెద్దాయన కుడిచేతికి రెండే వేళ్లు. బొటనవేలికీ చిటికెనవేలికీ నడుమ పెన్ను ఇరికించి, ఒక్కో పేరూ ముత్యంలా రాస్తాడు. ఒకప్పుడు ప్రెస్సు మీద పనిచేసినవాడు. వేళ్లు పోయాక యజమాని ఆయన్ని ఇంటికి పంపకుండా ఆ కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. ఆయన్ని చూస్తే సినీనటుడు నూతన్ ప్రసాద్ గుర్తొచ్చారు.

నూతన్ ప్రసాద్ కూడా కార్ఖానా నుంచి వచ్చిన మనిషే. ఆయన అసలు పేరు తాడినాడ వరప్రసాద్. అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో 1945లో పుట్టి, ఐటీఐ చదివి నాగార్జునసాగర్‌లో, తర్వాత హైదరాబాద్ ఆల్విన్‌లో పనిచేశారు. ఆల్విన్‌లో ఉండగానే రంగస్థల నటుడు భానుప్రకాశ్ పరిచయమై నాటకాల్లోకి లాక్కెళ్లారు. ఎ.ఆర్.కృష్ణ దర్శకత్వంలో ‘మాలపల్లి’ నాటకంలోనూ వేషం కట్టారు. పగలు డ్యూటీ, సాయంత్రం రిహార్సలు. ఆనాటి కార్మిక నటులెందరికో అదే దినచర్య. ఆ ఉద్యోగం వదిలి 1973లో బాపు ‘అందాల రాముడు’తో సినిమాల్లోకి వచ్చారు. రెండేళ్లకు ‘ముత్యాల ముగ్గు’లో నిత్యపెళ్లికొడుకు వేషం ఆయన్ని ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. ‘రాజాధిరాజు’లో సైతాను వేషమైతే వేరే ఎవరినీ ఊహించుకోలేం.

ఆయన బలమంతా మాటలో ఉంది. ఒక మాటను ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ పుటుక్కున తెంపాలో స్టేజీ నేర్పిన విద్య అది. చివరి వరుస ప్రేక్షకుడికీ అందాలి, ముందు వరుసవాడికి అరుపులా తగలకూడదు. దేశం క్లిష్ట పరిస్థితుల్లో ఉందని ఆయన వాపోతే హాలంతా గొల్లుమనేది. ఇప్పటికీ ఆ మాటను ఆయన గొంతుతోనే అనుకరిస్తాం.

1989లో ‘బామ్మమాట బంగారుబాట’ షూటింగులో ప్రమాదం జరిగి ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి. ఎన్టీఆర్ స్టూడియో కట్టిన నాచారంలో ఉండేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, సినిమా సెట్టు కూడా కార్ఖానా లాంటిదే. బరువులు, క్రేన్లు, కరెంటు తీగలు, తొందర. నలభై నాలుగేళ్లైనా నిండకుండానే చక్రాల కుర్చీకి పరిమితమైన నటుణ్ణి పరిశ్రమ మరిచిపోయి ఉండొచ్చు. మరిచిపోలేదు. దర్శకులు కుర్చీలో కూర్చునే పాత్రలు రాయించారు. ఈటీవీ ‘నేరాలు-ఘోరాలు’ ఆయన గొంతును మళ్లీ ఇళ్లలోకి తెచ్చింది. 2011 మార్చి 30న కన్నుమూసేనాటికి, మన మనసుల్లో ఆయన ప్రమాదం పాలైన మనిషిగా కాదు, నటుడిగానే ఉన్నారు. మన సినిమా పరిశ్రమను ఎన్నో విషయాల్లో తప్పుపడుతుంటాం. ఈ ఒక్క విషయంలో అది పెద్దమనసు చూపింది.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ షెడ్లలో వేళ్లో చెయ్యో పోగొట్టుకున్నవారిలో ఎందరికి ఆ భాగ్యం దక్కుతోంది? గాయపడితే నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. శాశ్వత వైకల్యానికి ఈఎస్ఐ నెలనెలా పరిహారమూ ఇస్తుంది. కానీ పొద్దున్నే డబ్బా కట్టుకుని బయల్దేరే మనిషికి ఇంట్లో కూర్చోవడమే పెద్ద శిక్ష. పరిహారం బియ్యం కొనిపెడుతుంది, తోటివాళ్ల పలకరింపును తెచ్చిపెట్టదు. కాంట్రాక్టు కూలీ అయితే మరునాడే అతని మెషీను దగ్గర ఇంకొకరు నిలబడతారు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని, పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకే. ప్రెస్సుల కింద వేళ్లు నలిగేది ఎక్కువగా ప్రైవేటు షెడ్లలో. స్టోర్సు, టైమాఫీసు, నాణ్యత తనిఖీ, కొత్త కుర్రాళ్లకు పని నేర్పడం... అనుభవమున్న మనిషి కూర్చుని చేయగల పని ప్రతి కార్ఖానాలోనూ ఉంటుంది. ఆ సెక్షన్‌ను ప్రైవేటు పరిశ్రమలకూ వర్తింపజేయాలి. చట్టం మారేదాకా ఆగకుండా, యజమానులు ఆ కుర్చీ ఇప్పుడే వేయాలి.