పైగాల కట్టడం, నిజాం పేరు

చార్మినార్‌కు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గుట్టమీద నిలిచిన ఫలక్‌నుమాను జనం నిజాం ప్యాలెస్ అనే అంటారు గాని, దాన్ని కట్టించినవాడు నిజాం కాదు, పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా. నిజాం కొలువుకు సైన్యాన్ని పోషించినందుకు ప్రతిఫలంగా జాగీర్లు, అనగా శిస్తు వసూలు చేసుకొనే హక్కుతో ఇచ్చిన భూములు, పొందిన ఈ కుటుంబం నిజాంల వంశమైన ఆసఫ్‌జాహీలతో వియ్యమంది, ప్రభువర్గంలో అందరికన్నా పైమెట్టున నిలిచింది. వికారుల్ ఉమ్రా ఐదో నిజాం అఫ్జలుద్దౌలాకు అల్లుడు. 1893 నుంచి 1901 వరకు రాజ్యానికి ప్రధానమంత్రి.

1884లో శంకుస్థాపన జరిగిన ఈ భవనం పూర్తికావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ముఖభాగం పల్లాడియన్ శైలిలో ఉంటుంది; అంటే 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో ప్రాచీన రోమన్ కట్టడాలను చూసి రూపొందించిన పద్ధతిలో, నట్టనడుమ స్తంభాల వసారా, దానికి అటూ ఇటూ సరితూగే రెక్కలు అమరివుంటాయి. ఆ రెక్కలు తేలు కొండీల్లా ముందుకు చాచినట్టుంటాయని స్థానికంగా చెప్పుకుంటారు. లోపల ఇటాలియన్ పాలరాతి మెట్లు, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని అనుసరించి చెక్కిన కప్పు గల పుస్తకశాల, ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోగల భోజనశాల ఉన్నాయి. ఇదంతా ఐరోపా అనుకరణే అని కొట్టివేయడం సులువే, కాని తొందరపాటు. ముందరి మందిరాలు దాటి వెనక్కి వెళితే వచ్చే జనానా, అనగా స్త్రీల నివాసభాగం, హైదరాబాద్ దేవిడీల పాత నియమానికే లోబడివుంది. ప్రభువుల పెద్ద లోగిలిని దేవిడీ అంటారు. అందులో పురుషుల కొలువు, స్త్రీల నివాసం వేర్వేరుగా ఉండడం ఆచారం. దొరలకు విందులిచ్చే ముఖం ఒకటి, కుటుంబం బతికే లోపలి ఇల్లు మరొకటి. వాస్తుపరంగా ఫలక్‌నుమా విలువ ఈ రెంటి కూడికలోనే ఉంది తప్ప, తరచూ చెప్పే దీపాల గుత్తుల ఖరీదులో కాదు.

1897 ప్రాంతంలో ఈ భవనం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పరమైంది. 1911లో ఆయన కన్నుమూసింది కూడా ఇక్కడే. ఆ తరువాత కట్టించినవాడి పేరు మరుగున పడడంలో ఆశ్చర్యం లేదు. దీర్ఘకాలం మూతపడి, మరమ్మతుల అనంతరం 2010లో విలాసవంతమైన హోటల్‌గా తెరుచుకొని ఫలక్‌నుమా బతికిపోయింది. పైగా వంశంలోనే మరో శాఖకు చెందిన ఖుర్షీద్ జా దేవిడీకి ఆ అదృష్టం దక్కలేదు. హుస్సేనీ ఆలంలోని ఆ భవనం ఎత్తయిన స్తంభాల వరుసతో పల్లాడియన్ పద్ధతికి నగరంలో మిగిలిన ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి అయినా, దశాబ్దాలపాటు ఆలనాపాలనా లేక శిథిలమైంది. పైగాల సమాధులున్న సంతోష్‌నగర్ ఆవరణలో, సున్నపు గచ్చుతో పోసిన లతలు, జాలీలు, అనగా వెలుతురు జల్లించే అల్లిక తెరలు, దక్కన్ పనివాళ్ల నేర్పును ఏ ప్యాలెస్‌కన్నా స్పష్టంగా చూపిస్తాయి; అయినా సందర్శకులు అక్కడికి వెళ్లేది తక్కువ.

హోటల్‌కు పనికివచ్చే కట్టడమే బతకాలన్న లెక్క వారసత్వ రక్షణ కానేరదు. సంపాదన తెచ్చిపెట్టలేని దేవిడీలకు ప్రభుత్వమే దిక్కు కనుక, కూలినవి పోగా మిగిలినవాటి కొలతల పటాలనైనా ముందుగా గీయించి భద్రపరచాలి. ఫలక్‌నుమా చూడబోయే పాఠకులు అదే దారిలో పైగా సమాధులను, ఖుర్షీద్ జా దేవిడీని కూడా చూసి రావాలి.