తోక మీది పిల్లిమీసాలు

ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని తన షెడ్డులో తానే కట్టుకుంటున్న మిత్రుడొకరు ఆ మధ్య నన్ను పిలిచి, నున్నగా మెరుస్తున్న దాని ఫైబర్ గ్లాసు మొండేన్ని చూపించి, "దీనికి ఒక్క కొమ్ము కూడా మొలవనివ్వను" అన్నారు. కొమ్ములంటే యాంటెన్నాలు. అన్నిటినీ లోపలే దాచేస్తారట. గాలి ఒరిపిడి తగ్గుతుంది, చూపులకూ బాగుంటుంది. ఆ రోజు మర్యాదకు తల ఊపి వచ్చేశాను. ఊపకుండా ఉండవలసింది. అప్పుడు మింగేసిన మాట ఇప్పుడు చెబుతున్నాను.

దారి చూపే యాంటెన్నాలకు చోటు మొదట నిర్ణయించుకుని, సొగసు సంగతి తరువాత చూసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే వాటిలో ఏ ఒక్కదాని అవసరమూ రెండోదానితో కలవదు.

1956లో మార్కెట్టుకు వచ్చిన సెస్నా 172 తోకను ఎప్పుడైనా చూశారా? నిలువు తోక కొసన V ఆకారంలో రెండు కడ్డీలు, ఒక్కొక్కటి సుమారు రెండడుగులు, పడుకున్నట్టు ఉంటాయి. వాటిని పిల్లిమీసాలంటారు. నేల మీది వీఓఆర్ కేంద్రాలు 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య పంపే సంకేతాల ధ్రువణం అడ్డంగా ఉంటుంది గనుక మీసాలూ అడ్డంగానే ఉండాలి. మాటలాడే రేడియో ధ్రువణం నిలువు గనుక దాని కడ్డీ నిటారుగా నిలబడుతుంది. ఒకదాని చోటులో మరొకటి పెడితే పని చేయవని కాదు, సగం చెవుడుతో పని చేస్తాయి. ఇక మీసాలు తోక దాకా ఎందుకు పోవాలంటే, మొండెం నీడకూ ముందున్న పంకాకూ వీలైనంత ఎడంగా ఉండడానికి. కొన్ని వేగాల వద్ద తిరిగే పంకా వల్ల వీఓఆర్ ముల్లు అటూ ఇటూ ఆరేసి డిగ్రీల దాకా ఊగగలదని అమెరికా విమానయాన శాఖ వారి పైలట్ల కరదీపికలోనే ఉన్నది. ఇంజను వేగం కాస్త మార్చి చూడమని అందులోనే సలహా.

అసలు చిక్కు జీపీఎస్‌తో. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే ఆ సంకేతం మనదాకా చేరేసరికి ఒక వాటులో పదివేల లక్షల కోట్లవ వంతు మాత్రమే. పక్కనే ఐదో పదో వాట్లతో అరిచే మాటల రేడియో. దాని పౌనఃపున్యం 131.25 అనుకోండి, పన్నెండింతలు చేస్తే 1575. జీపీఎస్ వినేది 1575.42 దగ్గర! 121.15ను పదమూడింతలు చేసినా దాదాపు అక్కడికే వస్తుంది. రేడియోలోంచి ఈ గుణిజాలు ఏ కాస్త కారినా, పైలట్ మైకు మీట నొక్కిన క్షణాన జీపీఎస్‌కు ఆకాశం మాయమవుతుంది. మబ్బులో, కంట్రోలు టవరుకు జవాబు చెబుతున్నప్పుడు.

మా మిత్రుని పథకంలో నాకు నచ్చనిది ఇదే. ఫైబర్ గ్లాసు రేడియో తరంగాలను ఆపదు, నిజమే. బర్ట్ రూటన్ లాంగ్ ఈజీ విమానం రెక్కల కొసన నిలిచే చిన్న రెక్కల్లో రాగి పట్టీలు పొదిగి యాంటెన్నాలుగా వాడారు, అవి చక్కగా పని చేశాయి. కాని అక్కడ ఆ చోటు కట్టడం మొదలుపెట్టకముందే నిర్ణయమైంది. మా వారు కట్టడమంతా అయ్యాక మిగిలిన సందుల్లో సర్దబోతున్నారు. లోపల చోటు తక్కువ. జీపీఎస్‌కూ మాటల రేడియోకూ మధ్య జానెడు కూడా మిగల్లేదు. పైగా రెక్కల దూలంలో కార్బన్ ఉన్నది; అది లోహంలాగే తరంగాలకు అడ్డుగోడ. కంట్రోలు కడ్డీలు, వైర్లు, చివరికి మనుషుల దేహాలూ అడ్డే. (ఇద్దరు పెద్దమనుషులంటే నూటయాభై కిలోల ఉప్పునీరు!)

ట్రాన్స్‌పాండరు సంగతి తేలిక. అది నేలతో మాటలాడుతుంది గనుక పొట్ట కిందకు పోతుంది, వేళ్ళంత పొడవు చాలు.

"వీఓఆర్‌లు మూతబడుతున్నాయి కదా, మీసాలెందుకు?" అని ఆయన ప్రశ్న. అమెరికాలో వాటి సంఖ్య తగ్గిస్తున్న మాట వాస్తవమే, కాని కనీసపు జాలాన్ని బుద్ధిపూర్వకంగా నిలుపుతున్నారు. రన్‌వేకు సూటిగా దించే ఐఎల్ఎస్‌లోని లోకలైజరుకూ ఆ మీసాలే చెవులు. 2023 నుంచి పశ్చిమాసియా మీదుగా పోయే పెద్ద విమానాలే దొంగ జీపీఎస్ సంకేతాలకు దారి తప్పి తబ్బిబ్బు అయ్యాయి. అటువంటి రోజుల్లో రెండో చెవిని గాలి ఒరిపిడి పేరుతో కోసేసుకోవడం నాకు సమ్మతం కాదు. ఒరిపిడి లేదనను. పోయేది ఒకటి రెండు నాట్ల వేగమైతే, నా మట్టుకు నేను సంతోషంగా పోగొట్టుకుంటాను.

రంగు ఇంకా వేయలేదు, రంధ్రాలూ పడలేదు. వచ్చే ఆదివారం అల్యూమినియం రేకు, అంటించే టేపు పట్టుకుని వెళ్తున్నాను. జీపీఎస్ యాంటెన్నాను వీపు మీద, ఎగిరేటప్పుడు సమతలంగా ఉండే చోట, తాత్కాలికంగా అంటిస్తాం. మాటల రేడియో కడ్డీని మూడడుగుల అవతల నిలబెట్టి, దాని కింద రేకు పరుస్తాం. అప్పుడు ఆ చెడ్డ పౌనఃపున్యాల మీద ఒక్కొక్కచోట అర నిమిషానికి పైగా మీట నొక్కి పట్టుకుని, ఉపగ్రహాల గీతలు పడిపోతాయో లేదో చూస్తాం. పిమ్మట అదే పరీక్ష ఆయన దాచాలనుకున్న చోటులో. మీట ఆయనే నొక్కుతారు.