విప్పడం తేలికే... బిగించడమే విద్య!

పాత స్కూటరు విప్పడానికి ఒక ఆదివారం చాలు. మళ్లీ బిగించడానికి ఎన్ని ఆదివారాలు కావాలో మాత్రం పైవాడికే తెలియాలి!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని పాత ఇళ్ల వసారాల్లో గోనెపట్టా కప్పుకున్న చేతక్‌లు, ప్రియాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. కొన్నింటి పరిస్థితి మరీ అన్యాయం. డొప్పలు అటక మీద, ఇంజన్ మంచం కింద, నట్లూ బోల్టులూ హార్లిక్స్ సీసాలో! ‘నాన్నగారి బండి కదా, మళ్లీ నడిపిద్దాం’ అని హుషారుగా విప్పినవాళ్లే సగంలో చేతులెత్తేస్తారు. చివరికి ఏ తుక్కు వ్యాపారో వచ్చి తూకానికి పట్టుకుపోతాడు.

అలా పోవాల్సిన బండేనా అది?

బజాజ్ సంస్థ 1960లో ఇటలీకి చెందిన పియాజియో లైసెన్సుతో వెస్పాలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1971లో ముగిసింది. మరుసటి ఏడాదే చేతక్ వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ బండి చేతికొచ్చేది కాదు. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ తెచ్చిన పుష్పక్‌ది మాత్రం వెస్పా కాదు, లాంబ్రెట్టా వంశం. ముందు పిల్లాడు నిలబడి, వెనక అమ్మ ఒడిలో చంటిది, కాళ్ల దగ్గర కూరగాయల సంచి... ఒక తరం సంసారమంతా ఈ బండ్ల మీదే సాగింది. బజాజ్ 2009లో స్కూటర్ల తయారీకి స్వస్తి పలికింది. 2020లో చేతక్ పేరు మళ్లీ వచ్చింది గానీ, అది కరెంటు బండి.

విమానాల ఇంజినీరు బుర్ర

వెస్పాకు రూపమిచ్చిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజినీరు. ఆయనకు మోటారు సైకిళ్లంటే గిట్టదు. బట్టలకు మసి అంటకూడదని 1946లోనే గొలుసు లేని బండి గీశాడు. దానికి విడిగా ఫ్రేము ఉండదు. ఒత్తిన ఉక్కు రేకే శరీరం, అదే ఎముకల గూడు. ఇంజన్ నుంచి చక్రానికి నేరుగా గేర్ల ద్వారానే శక్తి అందుతుంది. చేతక్‌కూ అదే పోలిక.

అందుకే ఈ బండికి తుప్పు పడితే అందం ఒక్కటే పోదు, బలమూ పోతుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ముందుగా చూడాల్సింది కాళ్లు పెట్టుకునే పళ్లెం అడుగు భాగాన్ని. స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిందంటే అక్కడ లప్పం పూయడం దండగ. కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానులాంటి సమయాల్లో వరద నీట మునిగిన బండైతే, ఇంజన్ విప్పి చూడకుండా కిక్కు కొట్టకూడదు.

పైజమాకు బొందులా...

బిగించడంలో మొదటి సూత్రం విప్పేటప్పుడే పాటించాలి. ప్రతి భాగాన్నీ తీసేముందు సెల్‌ఫోనులో ఒక ఫొటో. ఒక్కో భాగం బోల్టులకు ఒక్కో సంచి, దాని మీద చీటీ. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే అది డబ్బా కాదు, పజిల్!

గేర్లు, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు కేబుళ్లన్నీ రేకు లోపలి నుంచే వెళతాయి. పాత కేబుల్ లాగేసేముందు దాని చివర గట్టి దారం కట్టాలి. కొత్త కేబుల్‌ను ఆ దారంతో లాగితే పైజమాకు బొందు ఎక్కించినట్టు దూరిపోతుంది. దారం మరిచిపోతే ఒక పూట గోవిందా!

రంగు పూర్తిగా ఆరాక ముందు వైరింగు, కేబుళ్లు. తర్వాత ముందు ఫోర్కు, హ్యాండిలు. ఆపైనే ఇంజన్. ముందు వైపు ఒక పొడవాటి బోల్టు, వెనక షాకబ్జార్బరు... ఈ రెండింటి మీదే అది నిలుస్తుంది. ఎర్తు వైరు బిగించేచోట మాత్రం రంగు గీకేయాలి. కొత్త రంగు కిందే ఎర్తు చిక్కుకుని లైట్లు వెలగక తలపట్టుకునేవారు ఎందరో!

ఇంజన్ విప్పాక పాత ఆయిల్ సీళ్లనే తిరిగి వేయడం పొదుపు కాదు. అవి ఎండిపోయి గాలి పీలిస్తే పెట్రోలు మిశ్రమం పలచబడి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మరో సంగతి... పెట్రోల్లో కలిపే టూ-టి ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు. రెండోది పోయకుండానే స్టార్ట్ చేస్తే కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక ప్రాణాల మీదకు తెచ్చే పొరపాటు ఒకటుంది. ఈ చక్రం రిమ్ము రెండు ముక్కలు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే నట్లు వేరు, ఆ రెండు ముక్కల్నీ కలిపి ఉంచే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రెండో రకం నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు ఎగిరి ముఖానికి తగలొచ్చు. ముందు గాలి మొత్తం తీసేయాలి. ఆ తర్వాతే స్పానరు.

నంబరు చెరిగితే...

రంగు కోసం రేకు గీకేటప్పుడు చాసిస్ నంబరు జాగ్రత్త. దాని మీద లప్పం పూసినా, గరుకు కాగితంతో అరగదీసినా రవాణా కార్యాలయంలో బండిని గుర్తించేవారే ఉండరు. ముందుగానే ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాలి.

సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫారం 25తో రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు ఆ రుసుమును 2025 ఆగస్టులో రూ.2,000 చేశారు. ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే వారసులు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021లో ప్రత్యేకంగా వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. రుసుము రూ.20,000. కానీ అలా రిజిస్టరైన బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. బజారుకు వెళ్లాలనుకునేవారికి మామూలు రెన్యువలే మేలు.

మాన్యువల్‌లో లేనివి కొన్ని ఉంటాయి. ఆ బండికి చోక్ ఎంతసేపు లాగాలి, ఎటు వంచి కిక్కు కొడితే అందుకుంటుంది, రెండో గేరు దగ్గర చెయ్యి ఎలా తిప్పాలి... ఇవన్నీ దాన్ని ముప్ఫై ఏళ్లు నడిపిన మనిషికే తెలుసు. అందుకే నాన్నగారు ఇంట్లోనే ఉంటే, ‘మీరు విశ్రాంతి తీసుకోండి’ అని ఆయన్ని లోపలికి పంపేయకండి. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. స్పేర్ పార్టులు వెతికితే దొరుకుతాయి. ఆ జ్ఞాపకాలే ఏ కొట్లోనూ దొరకవు.

వచ్చే దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, మొదటి కిక్కు మాత్రం ఆయన్నే కొట్టనివ్వండి. ఒక్క కిక్కుకే అందుకుంటే సరేసరి. లేకపోతే... కాస్త పక్కకి వంచమని ఆయనే చెబుతారు!