దైవనిర్ణయం – జీవస్వాతంత్ర్యం: క్రైస్తవ చింతనలో సమన్వయం

సర్వజ్ఞుడైన భగవంతునికి జీవుడు రేపు చేయబోయే కర్మ ఈనాడే తెలుసు. ఆయనకు తెలిసినది తప్పక జరగాలి. అట్లు జరగక తప్పని కర్మకు జీవుడు బాధ్యుడెట్లు? బాధ్యత లేని వానిని దండించేవాడు దయామయుడెట్లు? క్రైస్తవ వేదాంతాన్ని పదహారు శతాబ్దాలుగా మథిస్తున్న ప్రశ్న ఇది. కర్మసిద్ధాంతం ఉన్నందున ఈ చిక్కు మనకు లేదని కొందరు సాధకులు తేలికగా త్రోసివేస్తారు. అది సమంజసం కాదు.

మానవుడు స్వీయ సంకల్పబలంతోనే ధర్మమార్గంలో నడవగలడని బ్రిటన్ నుండి వచ్చిన పెలేజియస్ బోధించాడు. హిప్పో నగరపు బిషప్ అగస్టీన్ దానిని ఖండించాడు. ఆదాము పతనంతో మానవ సంకల్పమే రోగగ్రస్తమైనదనీ, దైవకృప ముందుగా స్పృశించనిదే అది శ్రేయస్సును కోరజాలదనీ ఆయన వాదం. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ మతాన్ని నిరాకరించింది. 529లో ఆరెంజ్ సభ కృపయే ప్రథమమని అంగీకరిస్తూనే, దైవం ఎవ్వరినీ పాపానికై నియమించలేదని స్పష్టం చేసింది. 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్ ఆ హద్దు దాటి, కొందరిని రక్షణకూ కొందరిని నాశనానికీ దైవం ముందే నిర్ణయించాడన్నాడు.

సమన్వయానికి మూడు మార్గాలు ప్రసిద్ధం. మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో గ్రంథం రచించిన బొయితియస్, దైవానికి భూతభవిష్యత్తులు లేవనీ, సర్వకాలమూ ఆయనకు నిత్యవర్తమానమేననీ అన్నాడు. నడిచేవానిని చూచే చూపు వానిని నడిపించదు కదా! 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ దృష్టిలో దైవం మూలకారణం, జీవుడు ద్వితీయకారణం; స్వేచ్ఛాస్వభావం గల జీవుని దైవం స్వేచ్ఛగానే ప్రవర్తింపజేస్తాడు. లూయిస్ డి మోలినా 1588లో, ఏ జీవుడు ఏ పరిస్థితిలో స్వేచ్ఛతో ఏమి చేయునో ఎరిగియే దైవం సృష్టిని సంకల్పించాడని ప్రతిపాదించాడు. దీనిపై డొమినికన్, జెసూట్ సంఘాలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. 1607లో ఐదవ పాల్ పోపు తీర్పు చెప్పలేదు. ఎవరి మతాన్ని వారు బోధించవచ్చుననీ, ఎదుటివారిని మతభ్రష్టులనరాదనీ ఆదేశించాడు.

ఈ వివాదం వైదిక సంప్రదాయానికి అపరిచితం కాదు. ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అంటవా అన్న శంకను బ్రహ్మసూత్రాలే ఎత్తుకున్నాయి. జీవుల కర్మను అనుసరించియే సృష్టి అని సమాధానం చెప్పి, తొలి కర్మ ఎక్కడిదన్న ప్రశ్నకు సంసారం అనాది అన్నాయి. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొనిపోతుంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి. శ్రీవైష్ణవంలో తెంగలై, వడగలై సంప్రదాయాల భేదం ఈ రెండు న్యాయాలతోనే ప్రసిద్ధం. మధ్వాచార్యుల జీవత్రైవిధ్యంలో తమోయోగ్యులన్న విభాగం కాల్విన్ మాటకు దూరం కాదు. కాబట్టి ఒకరిని చూచి ఒకరు నవ్వదగిన విషయం ఇందులో లేదు.

1607 నాటి మౌనాన్ని ఓటమి అనుకోరాదు. రెండు సత్యాలకూ వేర్వేరు వినియోగస్థానాలున్నాయని గ్రహిస్తే దాని విలువ తెలుస్తుంది. తాను చేసిన సత్కర్మను వెనుదిరిగి చూచునప్పుడు సాధకుడు "ఇది నీ కృప" అనాలి; అహంకారం నశిస్తుంది. కర్తవ్యం ఎదుట నిలిచినప్పుడు "ఇది నా బాధ్యత" అనాలి, ఆలస్యం నశిస్తుంది. ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో పౌలు ఈ రెంటినీ ప్రక్కప్రక్కనే ఉంచాడు: శ్రమించమన్నాడు, ఆ శ్రమకు ప్రేరకుడు దైవమేనన్నాడు. ఈ స్థానాలు తారుమారైతే ప్రమాదం. సత్కర్మకు తానే కర్తననేవాడు గర్విష్ఠి. దుష్కర్మకు తలరాతను చూపేవాడు వంచకుడు.

అంతకన్నా ఘోరమైనది మరొకటి ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలిచి ఒకరు "దేవుడు ముందే నిర్ణయించాడు" అంటారు, మరొకరు "పూర్వజన్మ పాపం" అంటారు. శాస్త్రం రెండైనా క్రౌర్యం ఒక్కటే. దైవనిర్ణయమైనా, కర్మఫలమైనా మనిషి తన్ను తాను సరిదిద్దుకొనడానికి చెప్పబడిన సిద్ధాంతాలు. పరుల దుఃఖాన్ని తూచే తక్కెడలు కావు. ఆ తల్లి ముంగిట సిద్ధాంతి మౌనం వహించాలి, మనిషి ప్రక్కన కూర్చోవాలి. కూర్చొనడమా, వెళ్లిపోవడమా అన్న స్వాతంత్ర్యం మాత్రం ఆ క్షణాన అతనికి నిస్సందేహంగా ఉన్నది.