ఎడమ పెడలు – అపసవ్య మర

“సవ్యము” అనే మాటకు సంస్కృతంలో ఎడమ అని అర్థం. ఎడమ చేతితోనూ బాణం వేయగలవాడు గనుకనే అర్జునుడు సవ్యసాచి అయినాడు. తెలుగులో అదే మాటకు “సరియైన” అనే అర్థం స్థిరపడింది. పాఠ్యపుస్తకాలలో గడియారపు ముల్లు తిరిగే దిశ సవ్యదిశ, దానికి ఎదురు అపసవ్యదిశ అయినాయి. ఈ అర్థపరిణామానికీ సైకిళ్ళు పాడవడానికీ సంబంధమున్నదంటే మిత్రులు నవ్వవచ్చును.

కానీ చూడండి. ఈ రోజుల్లో సైకిలు సగం బిగించి, అట్టపెట్టెలో ఇంటికే వస్తున్నది. పెడళ్ళు మనమే బిగించుకోవాలి. కుడిది సులువుగా ఎక్కుతుంది. ఎడమది ఎక్కదు. బిగింపు అంటే సవ్యదిశ అని బడిలో నేర్చిన పెద్దమనిషి స్పానరు మీద బలమంతా పెడతాడు. పెడలు ఇరుసు ఉక్కు, క్రాంకు తరచు అల్యూమినియం. ఏది అరుగుతుందో 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన మన ఊరివారికి చెప్పనక్కరలేదు. మర పోయిన క్రాంకును సాధారణంగా మార్చవలసిందే. మార్చక తొక్కితే, ఓడరేవు లారీలు తిరిగే దారిలో పెడలు ఊడిననాడు పిల్లవాడి గతి ఏమిటి?

ఎడమ పెడలుకు ఎదురు మర ఊరికే పెట్టలేదు. తొక్కేటప్పుడు ఇరుసుపై పడే బరువు రంధ్రపు అంచు చుట్టూ తిరుగుతూ, ఇరుసును లోలోపల కొద్దికొద్దిగా దొర్లిస్తుంది. ఎడమవైపు మామూలు మర ఉంటే ఆ దొర్లుడుకే క్రమంగా వదులైపోతుంది. విమానం చేసిన రైట్ సోదరులు కూడా 1900 ప్రాంతంలో తాము తయారుచేసిన సైకిళ్ళకు ఎడమవైపు ఈ మరనే వాడారు.

పెడలు ఇరుసు మీద సాధారణంగా ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. మొదట అవి చూడాలి. మరకు కాస్త గ్రీజు రాయాలి. సముద్రపు గాలి తగిలే విశాఖలో ఇది మరీ ముఖ్యం: ఉప్పుతేమ ఉంటే ఉక్కూ అల్యూమినియమూ ఒకదానినొకటి పట్టేసి, తరువాత విప్పడానికి రావు. ఆపైన స్పానరు ముట్టకుండా, వేళ్ళతోనే మొదటి నాలుగైదు చుట్లు తిప్పాలి. వేళ్ళకు లొంగకపోతే మర వంకరగా పట్టినట్లే. వెనక్కు తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. స్పానరు చివరి బిగింపుకు మాత్రమే.

దిక్కు విషయంలో నా అభిప్రాయం ఒకటే: సవ్యాపసవ్యాలను ఈ పని దగ్గర విడిచిపెట్టాలి. “కుడి మర, ఎడమ మర” అంటే పిల్లలకూ అర్థమవుతుంది. స్పానరు పిడిని పైకి నిలిపి ముందు చక్రం వైపు లాగితే ఏ పెడలైనా బిగుస్తుంది. వెనుక చక్రం వైపు లాగితే వదులవుతుంది.