పాదుషాకు వచ్చిన తెలుగు

మేము సినిమా విమర్శకులము కాము. కెమెరా ఏ కోణంలో నిలిచినదో, ఎడిటరు కత్తెర ఎక్కడ పడినదో చెప్పగల పరిజ్ఞానం మాకు లేదు. పండుగకో, సెలవుకో, మిత్రుల బలవంతం మీదనో టిక్కెట్టు కొని హాలులో కూర్చుని, బాగుంటే సంతోషించి, బాగులేకపోతే విశ్రాంతి సమయంలో వేరుశనగకాయలు తిని ఇంటికి వచ్చే సామాన్య ప్రేక్షకులలో మేమూ ఒకరము. అయినా విజయవాడలో నివసిస్తూ సినిమాపై ఏ అభిప్రాయమూ లేకుండా ఉండడం దుస్సాధ్యం. ఆంధ్రదేశపు తొలి సినిమాహాళ్ళలో ఒకటిగా పేరొందిన మారుతి 1921లో ఈ నగరంలోనే వెలసినది. గాంధీనగరం వీధులు ఒకనాడు చిత్రాల పంపిణీదారుల కార్యాలయాలతో కళకళలాడినవి. నిమ్మకూరు నుండి నందమూరి, రామాపురం నుండి అక్కినేని, నూజివీడు నుండి రంగారావు, చౌటపల్లి నుండి ఘంటసాల వెళ్ళి తెలుగు తెరను ఏలినారు. ఇటువంటి గడ్డపై పుట్టినవాడు సినిమా గురించి నాలుగు మాటలు చెప్పబోతే పాఠకులు మన్నిస్తారనే ధైర్యంతో ఈ వ్యాసానికి పూనుకున్నాము.

మా అధ్యాపకుల గదిలో ఏటా ఒక వివాదం తప్పదు. పెద్దలు ఒక పక్షం. వారి దృష్టిలో 1957 నాటి 'మాయాబజార్'తో తెలుగు సినిమా శిఖరం చేరినది, ఆ తరువాత దిగుడే కాని ఎక్కుడు లేదు. పిన్నలు మరొక పక్షం. 'బాహుబలి'ని, 'ఆర్.ఆర్.ఆర్.'ను దేశదేశాలు చూచినవి గదా, 2023లో తెలుగు పాటకు ఆస్కారు వచ్చినది గదా, ఇంకను పాతపాట ఏల అని వారి వాదం. ఇరువురి మాటలోను కొంత నిజమున్నది. అయితే పాత చిత్రాలన్నీ మంచివనడం సరికాదు. మంచివి మాత్రమే మనదాకా మిగిలినవి. 'మాయాబజార్' విడుదలైన ఏడాదే వచ్చి పోయిన సాధారణ చిత్రాల పేర్లు నేడు ఎవరికి జ్ఞాపకమున్నవి? కాలం జల్లెడ పట్టి ఇచ్చిన బియ్యాన్ని, నిన్న నూర్చిన ధాన్యంతో పోల్చి, ఇందులో పొట్టు ఉన్నదని నిందించడం న్యాయం కాదు.

కనుక పాతది, కొత్తది అనే తూనికను మేము పక్కకు పెట్టినాము. మాకు మరొక తూనిక ఉన్నది. అది మా బాల్యంలో దొరికినది.

మా నానీ ఇంటిలో ఉర్దూ మాట్లాడేది. గడప దాటితే తెలుగు. ఆదివారాలు టీవీలో పాత చిత్రం వస్తే పనులన్నీ ముగించుకుని ముందు కూర్చునేది. పింగళి నాగేంద్రరావుగారు కల్పించిన వింత వింత మాటలకు కడుపుబ్బ నవ్వేది. ఆమెకు అక్షరాలు రావు. కాని ఏ మాట ఎక్కడ అతికినదో, ఏది అతకలేదో తెలుసు. అటువంటి నానీతోను, మా అబ్బాతోను కలిసి ఒకసారి హాలులో ఒక కొత్త చిత్రం చూచినాము. పేరు ఇక్కడ అనవసరం. అందులో హాస్యం కోసం ఒక సాయిబు పాత్ర ప్రవేశించినది. టోపీ, గడ్డం, ముక్కలు ముక్కలైన తెలుగు. ఆడదానిని 'వాడు' అని, మగవానిని 'అది' అని అంటాడు. హాలు గొల్లుమన్నది. మేమూ నవ్వినాము. అబ్బా నవ్వలేదు. నానీ మాత్రం ఇంటికి వచ్చే దారిలో ఒకే మాట అన్నది: "బేటా, వీడు ఏ ఊరి సాయిబు? మన బందరులోగాని, కొండపల్లిలోగాని ఇట్లా మాట్లాడేవాణ్ణి నేను చూడలేదే!"

ఆ ప్రశ్న నాటి నుండి మాతోనే ఉన్నది. మరునాడు బడిలో స్నేహితులు "ఏదీ, ఆ సాయిబులాగ మాట్లాడు" అని మమ్మల్ని పీడించినారు. తెలుగులో తరగతికి మొదటి మార్కు మాదే. అయినా మా నోటినుండి వారు కోరినది ఆ విరిగిన తెలుగునే. తరువాత ఎం.ఏ. తెలుగు చదివి, ఉద్యోగార్థులమై వెళ్ళిన ఒకచోట "సాయిబుగారు తెలుగు చెబుతారా?" అని ఒక పెద్దమనిషి చిరునవ్వుతో అడిగినప్పుడు, ఆ నవ్వు మాకు కొత్తది కాదు. ఆ హాలులో విన్నదే.

ఈ తూనికతో పాత చిత్రాలను చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1949లో భరణీవారి 'లైలా మజ్ను' వచ్చినది. కథ అరబ్బు దేశానిది, మాట స్వచ్ఛమైన తెలుగు. 1955లో 'అనార్కలి' వచ్చినది. అక్బరుగా నూజివీడు రంగారావు, సలీముగా గుడివాడ ప్రాంతపు అక్కినేని. 1970ల చివర నందమూరివారు తమ 'అక్బర్ సలీం అనార్కలి'లో తామే అక్బరు వేషం ధరించినారు. అంటే తెలుగు తెర మీది ఇద్దరు అక్బరు పాదుషాలూ మన కృష్ణా జిల్లావారే! వారి నోట తెలుగు సింహాసనమెక్కినట్లు వినిపించినది. ఎవరూ నవ్వలేదు. నవ్వవలసిన అవసరమూ లేదు.

1962 నాటి 'గులేబకావళి కథ' మరింత ముచ్చటైన ఉదాహరణ. ఆ కథ ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమే. 19వ శతాబ్దిలో పండిత దయాశంకర్ నసీం దానిని 'గుల్జారె నసీం' అనే మస్నవీగా రచించినాడు. తెలుగు చిత్రానికి పాటలు వ్రాసి సినీరంగ ప్రవేశం చేసినవారు డా. సి. నారాయణరెడ్డిగారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకుని తెలుగు ఆచార్యులై, జ్ఞానపీఠం దాకా ఎదిగినవారాయన. ఉర్దూలో ఆ కథను అందంగా చెప్పినవాడు ఒక హిందువు. దానిని తెలుగు పాటగా మలచినవాడు ఉర్దూలో చదువుకున్న తెలుగు కవి. భాషకు మతం లేదనడానికి వేరే ఉపన్యాసం ఎందుకు?

మరి చిక్కు ఎక్కడ ఉన్నది? పాదుషాకు వచ్చిన తెలుగు, బండి తోలే సాయిబుకు రాకుండా పోయినది. తెర మీద ముస్లిము కోటలో ఉన్నంతకాలం గ్రాంథికం మాట్లాడినాడు. కోట దిగి మన వీధిలోకి వచ్చి, బట్టలు కుట్టేవాడో, సైకిలు బాగుచేసేవాడో, మాంసం కొట్టువాడో అయిన క్షణాన అతని నాలుక మొద్దుబారినది. వాస్తవంలో జరిగినది దీనికి విరుద్ధం. డెల్టాలో తెలుగును బ్రతుకుభాషగా చేసుకున్నవారు పాదుషాలు కారు, ఈ పేదవారే. దూదేకులవారి ఇళ్ళలో అమ్మ జోలపాట తెలుగే. పిఠాపురపు ఉమర్ ఆలీషాగారు తెలుగులో కావ్యాలు చెప్పినారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరుగారు బుర్రకథ చెబుతూ ఉంటే పల్లెలు రాత్రంతా మేల్కొన్నవి. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. అంతెందుకు, గూడవల్లి రామబ్రహ్మంగారు 1939లో నిర్మించి జమీందారుల ఆగ్రహానికి గురియైన 'రైతుబిడ్డ' పేరులోని 'రైతు' అనే మాట అరబ్బీ నుండి వచ్చినదే. ఆ మాట తెలుగు నేలలో పాతుకుపోయి, అచ్చ తెలుగు చెమటతో తడిసి, నేడు దాని పుట్టుక ఎవరూ అడగని స్థితికి వచ్చినది. మాటకు దక్కిన ఈ గౌరవం మనిషికి ఎందుకు దక్కరాదు?

దక్కిన సందర్భాలు లేకపోలేదు. 1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో సారథీవారి 'రోజులు మారాయి' వచ్చినప్పుడు, అందులో కొసరాజుగారి ఏరువాక పాటకు నర్తించిన యువతి వహీదా రెహ్మాన్. పాడిన గొంతు జిక్కిది, పదం రైతుది, అడుగు వహీదాది. ఆంధ్రదేశమంతా ఆ పాటను తనదిగా చేసుకున్నది. ఆడిన పిల్ల ఏ మతస్థురాలని అడుగలేదు. మరుసటి ఏడు ఆమె గురుదత్ నిర్మించిన 'సి.ఐ.డి.'తో హిందీ తెరకెక్కినది. 2023లో ఆమెకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించినప్పుడు మాకు మొదట జ్ఞాపకం వచ్చినది హిందీ చిత్రాలు కావు, ఆ ఏరువాకే. అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ చిత్రంలో ఆమె ఆడినది, మాట్లాడలేదు.

ఇక కొత్త చిత్రాలు. 2002 నాటి 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ ధరించిన అంజద్ అనే ఆటో డ్రైవరు పాత్ర ఎందరినో కదిలించినది, మమ్మల్నీ కదిలించినది. కాని చిత్రం ముగిసేవరకు అతడు తన దేశభక్తికి సాక్ష్యం చెప్పుకుంటూనే ఉండవలసి వచ్చినది. పక్కవాడిని అడగని సాక్ష్యం అతనినే ఎందుకు అడగాలి? 2010లో వచ్చిన 'వేదం' ఈ ప్రశ్ననే సూటిగా వేసినది. అనుమానపు చూపు ఒక సాధారణ గృహస్థు జీవితాన్ని ఎట్లు చెదరగొట్టునో చూపినది. 2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.'లో భీముడు ఢిల్లీలో అఖ్తరు అనే పేరుతో ఒక ముస్లిము కుటుంబంలో తలదాచుకుంటాడు. పులులు, పోరాటాలు, మంటలు చూచి పిల్లలు చప్పట్లు కొట్టినారు. మా మనసు మాత్రం అడిగినవాడికి ఆశ్రయమిచ్చిన ఆ ఇంటి దగ్గరే ఆగినది. అదే ఏడాది వచ్చిన 'సీతారామం'లో రాముడుగా నటించినది దుల్కర్ సల్మాన్. కథలోని సీత అసలు పేరు నూర్జహాన్. తెలుగు ప్రేక్షకులు రెండింటినీ ప్రేమతో స్వీకరించినారు. ప్రేక్షకుడు సంకుచితుడని నెపం చెప్పే నిర్మాతలకు ఇదొక సమాధానం. అయితే ఇక్కడ కూడ నూర్జహాన్ రాకుమారియే! మళ్ళీ కోటలోనే ఉన్నాము.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' కోట దిగినది. విశాఖలోని ఆ పేటవారే అధికంగా నటించిన ఆ చిత్రంలో సలీమా అనే స్త్రీ ఉన్నది. మొదట ఆమె కన్నులు మాత్రమే కనిపిస్తాయి. ఆమె బ్రతుకు కష్టమైనది, వృత్తి లోకం చిన్నచూపు చూచేది. కాని ఆమె మాట ఎవరినీ నవ్వించదు. ఆమెను ప్రేమించినవాడు ఆమె మతాన్ని గాని, వృత్తిని గాని అడ్డమనుకోడు. కథ చివరకు ఆమెను బ్రతకనివ్వలేదన్నది మా ఫిర్యాదు. తెర మీద మనవారు మంచివారైతే చనిపోవాలనే నియమం ఎవరు పెట్టినారో తెలియదు. అయినా ఆ కన్నులకు మేము ఋణపడి ఉన్నాము.

యాస ఉన్నవారు లేరని మేము అనడం లేదు. ఉన్నారు, ఉంటే తప్పేమున్నది? యాస నేరం కాదు, ఒకే యాసను ఒకే పనికి వాడడం నేరం. ఈ నేరంలో మన డెల్టావారి పాలు కూడ ఉన్నది. కృష్ణా, గుంటూరు మాటే ప్రామాణికమని తెర చాలాకాలం నమ్మినది. తెలంగాణము మాట హాస్యగానికి, ప్రతినాయకునికి పంచిపెట్టినది. మనము కూర్చుని నవ్వినాము. 2023లో 'బలగం' వచ్చి, ఒక తెలంగాణ పల్లెలో చావు ఇంట బంధువులందరూ తమ మాటలోనే అలిగి, తమ మాటలోనే ఏడ్చినప్పుడు, ఈ చివరనున్న మనమూ కన్నీరు పెట్టుకున్నాము. మాట మారలేదు, చూపు మారినది. ఆ పని ఒక ప్రాంతానికి జరిగినప్పుడు ఒక సమూహానికి జరగదా?

అందుచేత సామాన్య ప్రేక్షకునిగా మా తీర్పు ఇది. పాటలో, పదంలో, నటనలో పాత చిత్రాలకు మేము నమస్కరిస్తాము. కాని పక్కింటివాడిని మనిషిగా చూడడంలో కొత్త చిత్రాలు, ఎన్ని లోపాలున్నా, రెండడుగులు ముందున్నవి. మాకు తెర మీద త్యాగమూర్తి అక్కరలేదు, ఉగ్రవాది అక్కరలేదు, పాదుషా అసలే అక్కరలేదు. కాలేశ్వరరావు మార్కెట్టులో బేరమాడే ఒక సాయిబు కావాలి. కూతురి పరీక్ష ఫీజుకు తంటాలు పడే ఒక దరజీ కావాలి. అతడు తన తెలుగు తాను మాట్లాడాలి. హాలు నవ్వితే అతని చమత్కారానికి నవ్వాలి, అతని నాలుకకు కాదు.

ఇదంతా సినిమా ముచ్చటే గదా అని కొందరు తేలికగా తీసివేయవచ్చు. వారికి ఒక సంగతి చెప్పి ముగిస్తాము. గత ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభకు మా తరగతిలోని ఒక విద్యార్థినిని ప్రసంగించమని కోరినాము. ఇంటిలో ఉర్దూ మాట్లాడే పిల్ల. వ్యాసం వ్రాస్తే తప్పు పట్టడానికి మాకే కష్టం. ఆమె తల వంచుకుని, "వద్దు సార్, నేను మాట్లాడితే సినిమాలో సాయిబులా ఉందంటారు" అన్నది. ఎంత చెప్పినా వేదిక ఎక్కలేదు. ఆనాడు ఆ సభలో నవ్వినవారెవరూ లేరు. నవ్వు అంతకుముందే, ఎప్పుడో, ఏదో హాలులో జరిగిపోయినది.

ఈ ఏటి సభకు వక్తల జాబితా సిద్ధమవుతున్నది. మూడవ పేరు చోటు ఖాళీగా ఉంచినాము. ఆ అమ్మాయి ఈ సంచిక చదువుతుందని మాకు తెలుసు.